పండక్కి వచ్చేవాళ్ళు, ఇంట్లో ఉండేవాళ్ళు

కోనసీమలో అంబాజీపేట దగ్గర ఊళ్ళో పుట్టి పెరిగిన అక్కాతమ్ముళ్ళు వీళ్ళు. అక్క బ్యాంకు ఉద్యోగి. ఇరవై ఏళ్ళు హైదరాబాదులో ఉండి, 2021లో అడిగి మరీ అమలాపురానికి బదిలీ చేయించుకుని, భర్తతో, కూతురితో వచ్చి పుట్టింట్లోనే ఉంటోంది. తమ్ముడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. తండ్రి 2022 కార్తీకంలో పోయారు. ఏటిసూతకం తీరాక వచ్చిన మొదటి సంక్రాంతి 2024 జనవరిలోది. 13 రెండో శనివారం, 14 ఆదివారం భోగి, 15 సంక్రాంతి, 16 కనుమ. సెలవులు వరసగా కలిసొచ్చాయి, చుట్టాలందరూ వచ్చారు. తిరుగు ప్రయాణం రోజున కారు దగ్గర నిలబడి అక్క తమ్ముడితో ఒక మాట అంది. ఆ తర్వాతి ఆదివారం ఫోనులో ఇద్దరూ దాని గురించే మాట్లాడుకున్నారు. ఇద్దరూ నాకు కావలసినవాళ్ళు. వాళ్ళను అడిగే రాస్తున్నాను.

తమ్ముడు: నువ్వన్న మాట నన్ను హైదరాబాదు దాకా వదల్లేదక్కా. ‘వచ్చే ఏడు ఇలా వద్దురా’ అన్నావు. పిల్లలు కూడా విన్నారు. అంటే మేం రావద్దనా?

అక్క: రావద్దని నేనెందుకంటానురా? ఇలా వద్దన్నాను. పధ్నాలుగు మందికి నాలుగు రోజుల పాటు మూడు పూటలా పండగ వంట. అది వద్దన్నాను.

తమ్ముడు: పండగంటే అదే కదా. పోయినేడు గుమ్మానికి తోరణం కూడా కట్టలేదు మనం. ఈ ఏడు బాబాయి వాళ్ళూ పిన్ని వాళ్ళూ ఒకరికొకరు ఫోన్లు చేసుకుని మరీ వచ్చారు. అరిసెలు హైదరాబాదులో దొరక్క వచ్చారా? నాన్న పోయినా ఆ ఇల్లు ఇంకా ఉందని కళ్ళతో చూసుకుందామని వచ్చారు. మొదటి ఏడే మనం తగ్గించేస్తే రెండో ఏటికి ఎవరూ రారు. మన వీధిలోనే చూడు, సంక్రాంతికి కూడా తాళం తీయని ఇళ్ళున్నాయి. ఊరొచ్చినా దిండి రిసార్టులో గది తీసుకుని, మధ్యలో ఓసారి ఇంటికొచ్చి ఫొటోలు దిగి వెళ్ళేవాళ్ళున్నారు. మనిల్లు అలా అయిపోకూడదని నా తాపత్రయం.

అక్క: ఆ తాపత్రయం నాకు లేదా? కాని నువ్వు చూసింది ఆ నాలుగు రోజులే. డిసెంబరు ఆఖరు నించి ఇల్లు దులపడం మొదలుపెట్టాం. పరుపులన్నీ మేడ మీద ఎండబెట్టాం. బియ్యం నానబోసి తడిపిండి ఆడించాలంటే పండగ ముందు మర దగ్గర ఎంత వరస ఉంటుందో నీకు తెలీదు. బ్యాంకులో సగం పూట సెలవు పెట్టి నిలబడ్డాను. ఆ పిండి తడారకుండా అదే రోజు పాకం పట్టాలి. అమ్మ పాకం దగ్గర కూర్చుంది, నేను చలిమిడి కలిపాను, మీ బావగారు చెక్కలతో నూనె వత్తారు. పొయ్యి కట్టేసేసరికి అర్ధరాత్రయింది. ఇక పండగ రోజుల్లో సంగతంటావా, మనింట్లో పనిచేసే ఆవిడకి కూడా పండగే కదా. భోగి ముందు రోజు వాళ్ళ ఊరెళ్ళి ముక్కనుమ దాటాక వచ్చింది. వెళ్ళొద్దని ఏ నోటితో అనను? ఆవిడ పిల్లలు కూడా ఎదురు చూస్తుంటారు. పధ్నాలుగు మంది తిన్న అంట్లు ఎవరు తోమారనుకున్నావు?

తమ్ముడు: వంటమనిషిని పెట్టుకోమని డబ్బు పంపాను కదా.

అక్క: సంక్రాంతికి ఈ చుట్టుపక్కల వంటమనుషులు దొరకరు. దొరికినా, నాన్నకి బట్టలు పెట్టే రోజున బయటివాళ్ళ చేతి వంటకి అమ్మ ఒప్పుకుంటుందా?

తమ్ముడు: సరే, మనలో మనం పంచుకోవచ్చుగా. నీ మరదలు వంటింట్లోకి వస్తే ‘వద్దులేమ్మా, ప్రయాణం చేసొచ్చావు, కూర్చో’ అన్నావు. మొదటి రోజు సరే, మూడో రోజు కూడా అదే మాట. తను ఆ ఇంటి కోడలక్కా. పెళ్ళైన కొత్తల్లో అమ్మ పక్కన నిలబడి ఆ వంటింట్లోనే అన్నీ నేర్చుకుంది. ఇప్పుడు ఇంగువ డబ్బా ఎక్కడుందో నిన్ను అడగాల్సొచ్చింది. రాత్రి నాతో ఏమందో తెలుసా? ‘మనం చుట్టాలం అయిపోయాం’ అంది.

అక్క: అలా అందా?

తమ్ముడు: అంది. నాకూ అలాగే అనిపించింది. వచ్చీ రాగానే నాన్న గదిలోకి వెళ్ళాను. పడక్కుర్చీ లేదు. ఆ చోట అమ్మాయి చదువుకునే బల్ల ఉంది. అడిగితే కొట్టుగదిలో పెట్టామన్నావు. పిల్ల చదువుకోవద్దని నేననను. ఒక్క మాట ముందు చెప్పి ఉంటే బాగుండేది. ఏడాదికోసారి వచ్చేవాడికి ఇల్లు తను చూసి వెళ్ళినట్టే కళ్ళల్లో ఉంటుంది.

అక్క: ఆ కుర్చీ అమ్మే తీయమందిరా. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అలవాటుగా ఆ గదిలోకి వెళ్ళేది, ఖాళీ కుర్చీ చూసి గ్లాసుతోనే వెనక్కి వచ్చేది. కొన్నాళ్ళు చూశాను. ఓ రోజు తనే ‘అది కనపడకుండా పెట్టండే, నేను చూడలేను’ అంది. నీకు ఫోనులో చెప్పే సంగతి కాదనిపించింది. నీకు బాధ కలగడం నాకు తెలుసు. ఆ గది పక్కన రోజూ బతకడం కూడా ఎలా ఉంటుందో నువ్వు తెలుసుకోవాలి.

తమ్ముడు: ఇది నాకు తెలీదక్కా.

అక్క: పండగ హడావిడిలో ఎలా తెలుస్తుంది? ఇక మరదలి సంగతి. కూర్చోమన్నది పెత్తనం చూపించుకోవడానికి కాదు. పండక్కి ఇంటికొచ్చిన ఆడపిల్ల చెయ్యి తడవకూడదని అమ్మ దగ్గర నేర్చుకున్నదే. నేను హైదరాబాదు నించి వచ్చినప్పుడు అమ్మ నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేదా? తలంటు పోసి, కొత్త చీర చేతికిచ్చి, వేడి అరిసె నోట్లో పెట్టేది. ఇరవై ఏళ్ళు అలా వచ్చాను ఈ ఇంటికి. ఇప్పుడు నాకా పండగ లేదు. పుట్టింట్లో ఉంటున్నదాన్ని పుట్టింటికి ఎలా వస్తాను చెప్పు?

ఈ మాట దగ్గర నేను కలగజేసుకోవాలి. మన సంక్రాంతి మర్యాదలన్నీ కొడుకు ఇంట్లో ఉంటాడు, కూతురు వస్తుంది అన్న ఏర్పాటు మీద నడుస్తున్నవి. అల్లుడికి బట్టలు, ఆడపడుచుకి చీర, పసుపు కుంకుమ, వెళ్ళేటప్పుడు డబ్బాల నిండా పిండివంటలు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి మగపిల్లాడితో సమాన వాటా ఇస్తూ ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లోనే చట్టం తెచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. హక్కు వచ్చి ఇన్నేళ్ళయినా, కూతురు తిరిగొచ్చి ఆ ఇంట్లోనే కాపురముంటే పండగనాడు ఎవరు పెట్టాలి, ఎవరు పుచ్చుకోవాలి అన్నది మనం ఇంకా తేల్చుకోలేదు. తల్లిని చూసుకుంటోందని ఊరు ఆమెను మెచ్చుకుంటుంది. కోడలు గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఇద్దరు ఆడవాళ్ళకీ తమ చోటు ఏదో తెలియదు. ఈ ఇంట్లో ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ నొచ్చుకున్నారు. నా మనసు ఇక్కడ అక్క వైపే మొగ్గుతుంది, ఎందుకంటే ఆమె పోగొట్టుకున్నదేమిటో ఆ నాలుగు రోజుల్లో ఎవరూ గమనించలేదు.

తమ్ముడు: నీకు చీర తెచ్చాను కదక్కా.

అక్క: తెచ్చావు, చాలా బాగుంది. సంక్రాంతి రాత్రి పదింటికి, పనయ్యాక కట్టుకున్నాను. అమ్మ చూసి పడుకోబోతున్నదల్లా లేచి కూర్చుంది. అప్పటికి మీరంతా మేడ మీద నిద్రపోయారు.

తమ్ముడు: నువ్వు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కాని పిల్లల సంగతి కూడా చూడు. మా ఇద్దరూ ఫ్లాటులో పుట్టారు, ఫ్లాటులో పెరుగుతున్నారు. 2023లో రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ప్రభల తీర్థం. టీవీలో చూసి ‘ఇది తాతయ్య వాళ్ళ ఊరి దగ్గరదేనా’ అని అడిగారు. ఈ కనుమకి కళ్ళారా చూశారు. ఏకాదశ రుద్రులు పదకొండు ఊళ్ళ నించి జగ్గన్నతోటకి రావడం, గంగలకుర్రు ప్రభల్ని పచ్చటి వరిచేలోంచి మోసుకొచ్చి కౌశికలోకి దింపడం, మెడల్లోతు నీళ్ళలో అంతమంది ‘ఓం హర’ అంటూ వాటిని ఒరగనీకుండా ఒడ్డెక్కించడం. చేను తొక్కించుకున్న రైతే చెయ్యెత్తి దణ్ణం పెడుతున్నాడు, పంట నష్టపోతాడు కదా అని చిన్నాడు అడిగాడు. స్వామి నడిచిన చేను బాగా పండుతుందని ఆయన నమ్మకమని చెప్పాను. ఇంటికొచ్చే దాకా వాడు దాని గురించే ఆలోచిస్తూ ఉన్నాడు. అది మామూలు శని, ఆదివారాల్లో చూపించగలనా?

అక్క: చూపించలేవు. నిజమే. జగ్గన్నతోట మనింటికి ఎంత దూరమో నీకు తెలుసు. ఈ ఏడు నేను వెళ్ళానా? ప్రభలు కౌశిక దాటే వేళకి నేను గారెల పిండి రుబ్బుతున్నాను. ఈ ఊరు తిరిగొచ్చేటప్పుడు నాకు నేను చెప్పుకున్నదేమిటంటే, ఇక ఏటా తీర్థానికి వెళ్ళొచ్చు, సెలవు కోసం ఎవరినీ అడగక్కర్లేదు అని.

తమ్ముడు: ఒక్క మాట చెప్పాల్సింది. ఇద్దరం పిండి పక్కన పడేసి తీసుకెళ్ళేవాళ్ళం.

అక్క: గారెలు ఎవరు వేస్తారు అని అప్పుడు ఎవరూ అడగరా? ‘కనుమనాడు మినుము తినాలి’ అని బాబాయి పొద్దున్నించీ అంటూనే ఉన్నారు.

తమ్ముడు: నేను వేస్తాను. నవ్వకు, నిజంగానే అంటున్నాను. రాకపోతే నేర్చుకుంటాను. అందరూ ఒకచోట చేరడం మానేద్దామంటే మాత్రం ఒప్పుకోను. సంక్రాంతి పొద్దున్న నాన్న పటం ముందు బట్టలు పెట్టాం. నేను తర్పణం విడిచి లేచాక అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ‘ఇల్లు నిండిందిరా’ అంది. నాన్న పోయాక అమ్మ మొహం అలా వెలగడం నేను చూడలేదు. నువ్వు చూశావా?

అక్క: చూడలేదు. ఆ వెలుగు తెచ్చింది మీరే, నేను కాదు. రోజూ పక్కనుండే మనిషికి అది చేతకాదు. ఈ మాట ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది. కాని రెండో సంగతి కూడా విను. మీరు వెళ్ళిన రోజు మధ్యాహ్నం పడుకున్న మనిషి మర్నాటి దాకా మంచం దిగలేదు. బీపీ నూట డెబ్బై దాటింది. పెద్దవయసులో నాలుగు రోజులు పొయ్యి ముందు నిలబడితే ఏమవుతుంది? పోనీ, ఆ నాలుగు రోజుల్లో నువ్వు అమ్మ పక్కన ఎంతసేపు కూర్చున్నావు?

తమ్ముడు: కూర్చోవాలనే వచ్చాను. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. స్నేహితులు. పిల్లల్ని తిప్పడం.

అక్క: నిన్ను తప్పు పట్టడం లేదు. పండగ అలాగే ఉంటుంది. నేను ఇక్కడికి వచ్చాక ఇల్లు నిండటం ఇంకోసారి కూడా చూశాను, అది చెప్తాను. 2022 జూలైలో గోదావరి పొంగింది గుర్తుందా, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలోంచి పెద్దమ్మ వాళ్ళు పశువుల్ని గట్టు మీద కట్టేసి, పిల్లల్తో మనింటికి వచ్చారు. నీళ్ళు తీసేదాకా ఉన్నారు. అప్పుడూ ఇంటినిండా జనమే. పప్పు, చారు, వడియాలు. ఎవరూ ఏదీ అడగలేదు. పెద్దమ్మ కత్తిపీట ముందు కూర్చుంది, వదినలు అంట్లు తోమారు, మగవాళ్ళు బియ్యం, కిరాణా మోసుకొచ్చారు. ఎవరి పని వాళ్ళు వెతుక్కున్నారు. నాకు అలసట తెలియలేదు. రాత్రిళ్ళు కరెంటు పోయేది. నాన్న ఆ పడక్కుర్చీలో కూర్చుని 1986 వరద సంగతులు చెప్పేవారు, ఏ ఊళ్ళో ఎవరిని ఎవరు పడవెక్కించారో, ఏ గట్టు ఎప్పుడు తెగిందో. నేను నాన్న పక్కన అంత తీరిగ్గా కూర్చున్నది అదే ఆఖరు. నాలుగు నెలలకే కదా ఆయన పోయింది.

తమ్ముడు: నేనప్పుడు ఫోను చేశాను, అందరూ క్షేమమేనా అని.

అక్క: చేశావు. వస్తానన్నావు కూడా. రోడ్లు మునిగాయి, వద్దని నాన్నే అన్నారు.

తమ్ముడు: రావాల్సింది. నీళ్ళు తీశాకైనా రావాల్సింది. పండగ కాదు కదా అనుకున్నాను.

అక్క: నా మాటంతా అదేరా. పండక్కి రావడానికి సెప్టెంబరు నించి టికెట్ల కోసం చూస్తావు. నూట ఇరవై రోజుల ముందు అమ్మకం తెరవగానే అయిపోతాయి. దొరక్కపోతే కారు వేసుకుని పంతంగి టోలు దగ్గర గంటలకి గంటలు నిలబడతావు. అంత కష్టపడి వచ్చి, ఇంట్లో మనిషిని చూడటానికి తీరిక లేకుండా తిరిగి వెళ్తావు. ఆ కష్టంలో సగం పడి మామూలు రోజుల్లో ఒకసారి వస్తే, అమ్మ ఏం తింటోంది, ఎలా నడుస్తోంది నీ కంట పడుతుంది. నీకింకో సంగతి చెప్పాలి. అమ్మకి కుడికంట్లో శుక్లం ముదిరింది. డిసెంబరులోనే ఆపరేషను చెయ్యాలన్నారు. పండగ వెళ్ళేదాకా వద్దని, నీకు తెలియనివ్వొద్దని అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. ముగ్గు కర్రల మీద చెయ్యి తప్పుతుంటే అమ్మాయి పక్కన కూర్చుని సరిచేసింది. నువ్వు ముగ్గు ఫొటో తీశావు.

తమ్ముడు: ఇదెందుకు దాచావక్కా? అమ్మ దాచమంటే మాత్రం? నెలన్నర నించి నీకు తెలుసు. ప్రతి ఆదివారం మాట్లాడుకుంటున్నాం. రావడం లేదని నన్నంటున్నావు గాని, రావలసిన కారణం నా దాకా రానివ్వకపోతే ఎలా వస్తాను? ఇంట్లో ఉన్నవాళ్ళకి అన్నీ తెలుస్తాయి. దూరంగా ఉన్నవాడికి మీరు చెప్పిందే తెలుస్తుంది. మంచి కబురు నాకు, కష్టం నీకు అని పంచుకుంటే నేను చుట్టాన్నే అవుతాను. నన్ను చుట్టాన్ని చేసింది ఇంగువ డబ్బా కాదక్కా, ఇది.

అక్క: ఈ మాటకి నేను కాదనలేను. ఇక నించి ఏదొచ్చినా నీకు చెప్తాను. అమ్మ వద్దన్నా చెప్తాను.

తమ్ముడు: పడక్కుర్చీ కూడా తెప్పించు. నాన్న గదిలో వద్దు. వాకిట్లో అరుగు మీద వెయ్యి, గుడ్డ నేను మార్పిస్తాను. వచ్చే సంక్రాంతికి అందరూ వస్తారు, నువ్వు తగ్గించమన్నా నేను పిలుస్తాను. వంటలు మాత్రం పంచుకుందాం. అరిసెలు, సున్నుండలు ఊళ్ళో చేసి అమ్మేవాళ్ళ దగ్గర కిలోల లెక్కన చెప్పేద్దాం. అమ్మ చేతి అరిసె అని నాకు పట్టుదల లేదు.

అక్క: నీకు లేదు, అమ్మకి ఉంది. నైవేద్యానికి పదో పాతికో తను వండుకుంటుంది, తక్కినవి కొందాం. నాలుగు రోజులు మాత్రం ఎక్కువ. భోగి పొద్దుటికొచ్చి కనుమ సాయంత్రానికి బయల్దేరమని చెప్పు.

తమ్ముడు: కనుమనాడు కాకి కూడా కదలదంటారు. బాబాయి ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను.

అక్క: అయితే అది వచ్చే ఏడు చూసుకుందాం. ఈ ఒక్కదాంట్లో నేను తగ్గను. కనుమ మధ్యాహ్నం వంటింటికి తాళం వేసి నేనూ మరదలూ తీర్థానికి వెళ్తాం, అది మాత్రం ఇప్పుడే చెప్తున్నాను. తనతో కూడా చెప్పు. ఇంగువ డబ్బా గట్టు మీద, కుడిచేతి వైపు పెట్టాను, అదీ చెప్పు.

తమ్ముడు: ఆపరేషను ఎప్పుడు?

అక్క: ఫిబ్రవరి 22, గురువారం, రాజమండ్రిలో. ఆ వారం నాలుగో శనివారం బ్యాంకుకి సెలవు కాబట్టి ఆ తారీఖు తీసుకున్నాను. పిల్లలకి బడి ఉంటుంది, నువ్వొక్కడివే వచ్చినా సరే. కంట్లో చుక్కలు వేసేటప్పుడు అమ్మ నా మాట వినదు, నీ మాట వింటుంది.

తమ్ముడు: బుధవారం రాత్రి గౌతమికి ఉన్నాయేమో చూస్తాను.

అక్క: ఉంటాయి. ఫిబ్రవరిలో ఎవరొస్తారు? ఫోను పెట్టేసి ఇప్పుడే తీసుకో.